ఫిడేలు పాఠమున వీడియో

ఫిడేలునకు వీణవలె మెట్లు లేవు. స్వరస్థానమును చెవియే వెదకికొనవలెను. క్రొత్తగా నేర్చు బాలుఁడు చెవిని స్వరముపై నిలిపినంతనే వాని కమాను వంకరపోవును. గురువు పదిమాఱులు చెప్పినను వాఁడు నమ్మఁడు. ఫిడేలును ఱొమ్మునకును కుడిపాదమునకును నడుమ నిలుపుకొని తీగలవెంబడి క్రిందికి చూచువానికి ఆ వంకర తిన్నగానే తోఁచును.

నేఁటి ఫోను ఇచ్చట మిక్కిలి యుపకరించును. తీగలును కమానును కలియుచోటు చక్కగా కనఁబడునట్లు దానిని ఎదుట నిలిపి, మాయామాళవగౌళలో ఒక్క సరళివరుసను మాత్రము వీడియో తీసి వెంటనే చూపవలెను. మొదటిమాఱు ధ్వని లేకుండ చూపుట మేలని నా మతము. చెవికి పని లేనప్పుడు కన్ను కమానునే చూచును. తప్పును శిష్యుఁడే చెప్పవలెను. గురువు నోరు మెదపరాదు. మాబోటి పంతుళ్లకు ఇదియే కష్టసాధన!

అద్దము చాలదా యందురేమో. అద్దమును వాయించుచునే చూడవలెను; పైగా కుడియెడమలు తాఱుమాఱగును. వీడియో ఆగుమన్నచోట ఆగును.

శ్రుతివిషయమున మాత్రము ఫోనును నమ్మరాదు; అందలి చిన్న స్పీకరు మంద్రనాదమును పలుచన చేయును. కమాను చేతికి వశమైన వెనుక కన్నుతోను అంత పనిలేదు. 1919లో విజయనగర సంగీత కళాశాలలో ఆచార్యులైన ద్వారం వేంకటస్వామినాయుఁడుగారికి చూపు మందము. వారి కమాను నాదమునకు దక్షిణదేశమంతయు పరవశించినది.

ఇఁక నొకమాట. బిడ్డ వీడియోను బంధువులకు పంపి నవ్వుకొనుట తగదు. అట్టి నవ్వులకు వెఱచి ఫిడేలును మూలనుంచిన పిల్లలు కలరు. పాఠము కాఁగానే దానిని బిడ్డ యెదుటనే తుడిచివేయుఁడు. నెలకొక్కటి మాత్రము దాఁచి, మఱునెల క్రొత్తదాని ప్రక్కనుంచి చూపుఁడు.