పద్యము పలికిన క్షణముననే వినబడవలెను
(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



గత వార్షికోత్సవమును ఊర లేని తల్లిదండ్రులు తమ ఫోనులలో చూచిరి. ఆనాడు చిన్నపిల్లలు పద్యములు చదువుచుండగా, దూరదేశమున నున్న యొక తండ్రిగారు “మా అమ్మాయి వంతు ఎప్పుడు?” అని మాకు సందేశము పంపిరి. ఆ బాలిక యప్పటికే చదివి, వేదిక దిగి, మా ప్రక్కన కూర్చుండి యుండెను. వారు చూచుచున్న దృశ్యము మా సభకంటె అరనిమిషము వెనుకబడి యున్నది.

ఉత్సవమునకు దానివలన వచ్చిన నష్టము లేదు. కాని ఈ సంవత్సరము మేము తలపెట్టిన పని వేఱు. పొరుగూరి పాఠశాలలో తెలుగు చదువగోరు పిల్లలు 14 మంది కలరు, చెప్పువారు లేరు. మన పండితులవారు సాయంకాలము 40 నిమిషములు వారికి పాఠము చెప్పుచున్నారు. పిల్లలు తమ తమ యిండ్లనుండియే వినుచున్నారు. ఒక బిడ్డ ‘ళ’కారమును ‘ల’కారముగా పలికినచో పండితులవారు వెంటనే దిద్దవలెను. అరనిమిషము గడచిన పిమ్మట దిద్దినచో ఆ దిద్దుబాటు మఱియొక బిడ్డపై పడును!

ఆలస్యము ఎక్కడ పుట్టుచున్నది? ఉత్సవప్రసారమునకు వాడినది హెచ్.ఎల్.ఎస్. అను పద్ధతి, 2009లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టినది. అందు దృశ్యమును కొన్ని సెకండ్ల ముక్కలుగా కోసి పంపుదురు. ముక్క యొక్కొక్కటి 6 సెకండ్లనుకొనుడు. చూచువాని ఫోను మూడు ముక్కలు చేతికి వచ్చిన పిదపనే ఆట మొదలిడిన, అక్కడనే 18 సెకండ్లు గడచినవి. కుండలు నింపి మోసికొనివచ్చుటవంటి దిది. ఈ పద్ధతిని మేము నిందింపము. ఆ ముక్కల నకళ్లను దారిలోని యంత్రములు దాచియుంచి పంచిపెట్టగలవు గనుకనే లక్షలమంది ఒక్కసారి క్రికెట్టు చూడగలుగుచున్నారు. ఆలస్యమును కొన్ని సెకండ్లకు తగ్గించు మార్పులు తరువాత వచ్చినవి గాని, మన పాఠమునకు అదియు చాలదు. ఫోను సంభాషణకు ఒకవైపు ఆలస్యము సెకండులో సుమారు ఏడవవంతు, అనగా 150 మిల్లీసెకండ్లు మించకున్న మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమితి సూచించియున్నది.

అందుకు తగినది వెబ్ ఆర్.టి.సి. గూగుల్ సంస్థ దీని మూలరచనను 2011లో బహిరంగపరచెను. 2021 జనవరిలో ఇది ప్రమాణముగా స్థిరపడెను. ఇందు మాటయు బొమ్మయు చిన్న చిన్న తునకలుగా కాలువనీటివలె పాఱుచుండును. వేళ మించిన తునకకై యంత్రము వేచియుండదు. అందుచే బొమ్మ ఒక్కొక్కప్పుడు చెదరును. సంభాషణ మాత్రము సాగును. మేము పెట్టుకొన్న జిట్సీ అను సాఫ్ట్‌వేరు దీనిపైననే నడచుచున్నది. 2003లో స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున ఎమిల్ ఇవోవ్ అను విద్యార్థి ప్రారంభించిన పని యిది. దీని రచన యెవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, రుసుము లేదు.

ఏదేని సంస్థవారి సిద్ధసేవను వాడుకొనరాదా యని కొందఱడిగిరి. అది సులభమే, ఒప్పుకొందుము. కాని ఉచితసేవలు కొన్ని నియమితకాలమున ఆగిపోవును. పిల్లల మాటలు ఎవరి యంత్రముగుండా పోవునో మనకు తెలియదు. అయితే, దానముగా వచ్చిన ఆవుకును గడ్డి వేయవలెను గదా! అద్దెకు తీసికొన్న సర్వరు కంప్యూటరును మనమే కాచుకొనవలసి వచ్చినది. మొదటి వారము మూడిండ్లలో బొమ్మయే రాలేదు. ఆ యిండ్ల ఇంటర్నెట్టు ఈ తునకలను అడ్డగించుచుండెను. నడుమ చేతులు మార్చు మఱియొక సాఫ్ట్‌వేరు పెట్టిన తరువాతనే వచ్చినది. మఱియొక సోమవారము పాఠమే ఆగినది. సర్వరునకు గుర్తింపుపత్ర మొకటి కావలెను. మనది 90 దినములకు గడువు తీరునది. అది లేనిచో బ్రౌజరు కెమెరా తెఱువనీయదు. గడువును మేమే మఱచితిమి.

మీలో కొందఱకు కష్టము కలిగించిన సంగతి యొకటి కలదు: “మా బిడ్డ ముఖమేల చూపరు?” అని. పండితులవారితో కలిపి 15 మంది. ఒక్కొక్కరికి తక్కిన 14 మంది బొమ్మలు పంపినచో, సర్వరు 210 ప్రవాహములు పంపవలెను. ఒక్క బొమ్మకే సెకండునకు 1 మెగాబిట్ చొప్పున, పాఠము ముగియునప్పటికి మీ ఫోనులో 300 మెగాబైట్లు ఖర్చగును. అందుచే పండితులవారి బొమ్మయు, వారు పిలిచిన బిడ్డ బొమ్మయు మాత్రమే ఉంచితిమి. తక్కినవారి కెమెరాలు మూసియుండును. ఇందు అవమాన మేమియు లేదు.

ఉత్సవమునాడు సందేశము పంపిన తండ్రిగారే యిప్పుడు సర్వరు గడువులను చూచుచున్నారు. వారికి పగలైనప్పుడు మనకు రాత్రి. పాఠము నడుమ ఆటంకము కలిగిన వారిని నిద్ర లేపవలసివచ్చుచున్నది. ఈ యూరిలోనే రెండవవారొకరు కావలెను. వారమునకు ఒక గంట పని. చేయవలసినదంతయు నోటుపుస్తకమున వ్రాసి యుంచితిమి. ఇష్టమున్నవారు సభానంతరము మా గదికి దయచేయుడు. పుస్తకము బల్లమీదనే యున్నది.