నవంబరు 1: గీత గీసిన నాడే మాట ఇచ్చిన నాడు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రార్థన ముగిసిన పిమ్మట నల్లబల్లపై ఆనాటి తేదీని, దాని కింద ఆనాటి చారిత్రక విశేషాన్ని వ్రాయడం పాఠశాలలలో చిరకాలంగా వస్తున్న మంచి అలవాటు. ఆగస్టు 15, జనవరి 26, అక్టోబరు 2 విద్యార్థులందరికీ కంఠస్థమే. తేదీలు ఊరకనే ఏర్పడవు. 1930 జనవరి 26న దేశమంతటా పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేశారు. దాని స్మృతి చెదరరాదనే 1949 నవంబరు 26న ఆమోదం పొందిన రాజ్యాంగాన్ని 1950 జనవరి 26 నుండి పూర్తిగా అమలులోనికి తెచ్చారు. ఒక తేదీ మరొక తేదీని జ్ఞాపకం చేస్తుంది. ఆ జ్ఞాపకమే చరిత్ర.

అయితే నల్లబల్లపై అరుదుగా కనిపించే తేదీలు కొన్ని ఉన్నవి. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి బ్రతుకును అవి నేరుగా తాకినవి. వాటిని వరుసగా పరిశీలిస్తే ఒక విశేషం తేటపడుతుంది. సరిహద్దు గీత గీసిన రోజే, ఆ గీతకు ఆవల మిగిలిన వారికి ఈ దేశం ఒక మాట కూడా ఇచ్చింది. గీత అందరికీ గుర్తున్నది. మాట మాత్రం మరుగున పడింది.

మొదటిది 1936 ఏప్రిల్ 1. నాడు ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా అవతరించింది. మద్రాసు రాష్ట్రంలోని గంజాం ప్రాంతం, విశాఖపట్టణం జిల్లాలోని జయపురం జమీందారీ, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం అందులో చేరినవి. బెంగాలు, మధ్యపరగణాలు, మద్రాసు పాలనలలో చెదరిపోయి, ఎక్కడ ఉన్నా అల్పసంఖ్యాకులుగానే మిగిలిన ఒడియా ప్రజలు 1903లో ఉత్కళ సమ్మేళనాన్ని స్థాపించుకొని మూడు దశాబ్దాలు పాటుపడగా లభించిన ఫలితమది. వారికి అది న్యాయమైన పండుగ. అదే ఉదయం బరంపురం, పర్లాకిమిడి తెలుగువారు మాత్రం తమ ఇంటి అరుగు మీదనే పరాయి రాష్ట్రంలో మేల్కొన్నారు. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు, చిరునామా మారింది.

వ్యావహారిక భాషోద్యమ పితామహుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు దశాబ్దాలపాటు నివసించిన ఊరు పర్లాకిమిడి. అది ఒరిస్సాలో చేరిన నాడు ఆయన మనస్తాపంతో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. ఆ రోజున తప్పక చెప్పుకోవలసిన మరొక సంగతి ఉన్నది. పంతులుగారు కొండప్రాంతపు సవరల భాషను స్వయంగా నేర్చుకొన్నారు. ఆ భాషకు నిఘంటువు సిద్ధం చేశారు. సవర పిల్లల కొఱకు స్వంత ధనంతో బడులు పెట్టి, వారికి వారి మాటలోనే చదువు చెప్పించారు. తన భాష కొఱకు ఊరు విడిచిన ఆ మహనీయుడు, అంతకు ఎన్నో ఏండ్లకు పూర్వమే పరుల భాషకు బడి కట్టారు. మాతృభాషాభిమానానికి ఇంతకు మించిన నిర్వచనం అక్కరలేదు.

రెండవ ఘట్టం 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆరంభమైనది. మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షకు కూర్చున్న రోజది. డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణాలు విడిచారు. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర స్థాపనను లోక్‌సభలో ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా 11 జిల్లాల ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఏ నగరంలో ఆయన ప్రాణత్యాగం చేశారో ఆ నగరం మాత్రం కొత్త రాష్ట్రంలో చేరలేదు. మద్రాసు తెలుగువారికి అక్టోబరు 1 ఒక కంట ఆనందబాష్పం, మరొక కంట కన్నీరు.

బళ్ళారి జిల్లాకు కూడా అదే రోజున విభజన జరిగింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. మిగిలిన తాలూకాలు మైసూరుకు చెందినవి. బళ్ళారి తాలూకా ఎవరిదన్న వివాదాన్ని జస్టిస్ మిశ్రా విచారించగా, అదియును మైసూరుకే దక్కింది. అంతకు ముందే, 1946లో కీర్తిశేషుడైన బళ్ళారి రాఘవ తెలుగు, కన్నడ నాటకరంగాలు రెండింటా మెప్పు పొందిన నటుడు. ఆ ఊరి స్వభావమే అంత. ఒకే వీధిలో రెండు భాషలు వినవచ్చే ఊళ్ళను గీత రెండుగా చేయగలదేమో గాని, ఆ వీధి మాటను రెండుగా చేయలేదు.

ఇక యానాం చరిత్ర వేరు. తూర్పు గోదావరి తీరాన, నలువైపులా తెలుగునేల నడుమ ఉన్న ఆ చిన్న ఊరు 18వ శతాబ్దం నుండి ఫ్రెంచి పాలనలో ఉండేది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వాన ఉద్యమకారులు అక్కడి ఫ్రెంచి పాలనకు స్వస్తి పలికారు. అదే సంవత్సరం నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పరిపాలన భారతదేశానికి సంక్రమించింది. 1956 మే 28న ఒప్పందం కుదిరినా, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమైన కారణాన న్యాయపరమైన విలీనం 1962 ఆగస్టు 16న గాని పూర్తి కాలేదు. ఒకే స్వాతంత్ర్యానికి మూడు తేదీలు! ప్రజలు సాధించినది ఒకటి, ప్రభుత్వం చేపట్టినది ఒకటి, చట్టం అంగీకరించినది ఒకటి. ప్రజల నిర్ణయానికి, కాగితం మీది సంతకానికి నడుమ ఎంత కాలం గడువగలదో యానాం తేదీలు బోధిస్తున్నవి.

యానాం చేతికి వచ్చిన నవంబరు 1 రెండేండ్లకు మరల చరిత్రకెక్కింది. ఫజల్ అలీ అధ్యక్షతన, కుంజ్రూ, పణిక్కరు సభ్యులుగా ఏర్పడిన రాష్ట్ర పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. తదనుసారంగా 1956 నవంబరు 1న దేశంలో 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు ఏర్పడినవి. హైదరాబాదు రాజ్యం మూడు ముక్కలైనది. తెలంగాణ ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయినది; మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోను, బీదరు, గుల్బర్గా, రాయచూరు ప్రాంతాలు మైసూరులోను చేరినవి. కన్నడిగులకు రాజ్యోత్సవం, కేరళీయులకు రాష్ట్రావతరణం కూడా నాడే. ఆ ఆంధ్రప్రదేశ్ నుండి 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది.

గీతలు 1956తో ఆగలేదు. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ మధ్యవర్తిత్వం ఫలితంగా, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా మద్రాసుకు వెళ్ళింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవి. ఉత్తర సరిహద్దు కొఱకు తమిళనాట మ.పొ. శివజ్ఞానం ప్రభృతులు సాగించిన ఉద్యమం దానికి పూర్వరంగం. ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొనే సెప్టెంబరు 5 సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని జన్మదినం. 1888లో ఆయన ఒక తెలుగు కుటుంబంలో జన్మించినది ఈ తిరుత్తణి ప్రాంతంలోనే. అక్కడి వృద్ధుడొకడు ఇల్లు కదలకుండా మద్రాసు రాష్ట్రంలో పుట్టి, 1953లో ఆంధ్రుడై, 1956లో ఆంధ్రప్రదేశ్ వాసియై, 1960లో మరల మద్రాసు వాడై, 1969 జనవరి 14న రాష్ట్రం పేరు మారగా తమిళనాడు వాసి అయి ఉంటాడు. ఆయన ఇంటి భాష మాత్రం ఏ తేదీన మారవలెను?

1960 మే 1న బొంబాయి రాష్ట్రం చీలి మహారాష్ట్ర, గుజరాత్ ఏర్పడినవి. షోలాపూరు మగ్గాల మీద బ్రతికే పద్మశాలీలు, ముంబైలో కామాటిపురా అన్న పేరుకు కారకులైన కామాటీలు సరిహద్దు మారి అక్కడివారైన వారు కారు. పని కొఱకు కాలినడకన, బండ్ల మీద తరలి వెళ్ళిన కుటుంబాల సంతతి. విజయనగర కాలం నుండి తమిళదేశాన నెలకొన్న తెలుగువారి కథ మరింత పాతది. గీత దాటి వచ్చినవారు కొందరు, గీతయే దాటి వెళ్ళిన వారు కొందరు. ఇరువురి బిడ్డలకు అవసరమైనది ఒక్కటే: తెలుగులో చదువు.

ఇక మరుగున పడిన ఆ మాట. రాష్ట్రాలు మారిన 1956 నవంబరు 1ననే రాజ్యాంగానికి 7వ సవరణ అమలులోనికి వచ్చింది. అందులో 350-ఎ అన్న కొత్త అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగేటట్లు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయును ప్రయత్నించవలెనని దాని భావం. అందుకు రాష్ట్రపతి ఆదేశాలు కూడా ఇవ్వవచ్చును. 350-బి అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల కొఱకు ఒక ప్రత్యేకాధికారి ఏర్పాటైనారు. అంతకు పూర్వమే, 1950 జనవరి 26 నుండి, 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడుపుకొనే హక్కునిచ్చి ఉన్నది. ఎవరి దయాధర్మం వలననో గాక, హక్కు వలననే ఇటువంటి పాఠశాలలు నిలిచినవని విద్యార్థులకు తెలియజెప్పవలసి ఉన్నది.

ఆ మాటకు ఒక కొలత కూడా ఉన్నది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. పాఠశాల మొత్తం మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష వారుంటే, ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని కనీసం ఒకరిని నియమించవలెనన్నది ఆ సూత్రం. 1956లో కేంద్ర ప్రభుత్వం కూడా దీనినే సమర్థించింది. అధికరణం ప్రయత్నించవలెనని అంటున్నది. సూత్రం సంఖ్యను అడుగుతున్నది. ఆ సంఖ్యను సమకూర్చవలసినది ప్రభుత్వం కాదు, తల్లిదండ్రులు. తరగతిలో 10 పేర్లుంటే ఉపాధ్యాయుని అడిగే నోటికి బలముంటుంది. 9 పేర్లే ఉంటే ఎంత గొప్ప అధికరణమైనా గ్రంథాలయపు బీరువాలో నిద్రిస్తుంది.

తల్లిదండ్రుల సంశయం సహజమైనదే. తెలుగులో చదివిన బిడ్డకు ఈ రాష్ట్రంలో ఉద్యోగం దొరుకునా, పైచదువులలో వెనుకబడునా అని వారి భయం. దానిని తేలికగా తీసిపారవేయరాదు. రాష్ట్రభాషను చక్కగా నేర్పని తెలుగు బడి బిడ్డకు అపకారమే చేస్తుంది. రాష్ట్రభాష, ఆంగ్లం, హిందీ, అన్నియు రావలెను. ఇల్లు కట్టేవాడు పునాది తెలిసిన నేలలో తవ్వినట్లు, తొలి అక్షరం మాత్రం తల్లి మాటలో పడవలెను. బరంపురంలో తెలుగు ఇంట జన్మించిన వి.వి. గిరిగారు 1969 ఆగస్టు 24న భారత రాష్ట్రపతి పదవిని అలంకరించారు. సరిహద్దు ప్రాంతపు పుట్టుక ఎవరికీ అడ్డు కాదనడానికి ఆ తేదీ చాలును.

పూర్వ విద్యార్థులు చేయగలిగినది కూడా ఉన్నది. తెలుగు పాఠ్యపుస్తకాలు సకాలంలో అందకపోవడం, ఖాళీ అయిన తెలుగు ఉపాధ్యాయ పదవి ఏండ్ల తరబడి నిండకపోవడం రాష్ట్రాంతర పాఠశాలలకు చిరపరిచితమైన కష్టాలు. అర్జీలు వ్రాయగల చేతులు, చట్టం తెలిసిన నోళ్ళు, నెలకు ఒక పూట వచ్చి పాఠం చెప్పగల విద్యావంతులు ఈ సభలోనే ఉన్నారు. సన్మానపు శాలువల కంటె అటువంటి సాయమే పాఠశాలకు వెచ్చదనం.

75 ఏండ్లు నిండిన ఈ పాఠశాల 1956 నాటి సరిహద్దుల కంటె వయసులో పెద్దది. గీతలు గీయక ముందే దీని గంట మ్రోగింది. గీసిన తరువాతను మ్రోగుతూనే ఉన్నది. నల్లబల్లపై వ్రాయవలసిన తేదీలలో ఇకమీదట ఏప్రిల్ 1, జూన్ 13, ఆగస్టు 29, అక్టోబరు 1, డిసెంబరు 15 చేరుగాక. నవంబరు 1న రాష్ట్రావతరణతో పాటు 350-ఎ అన్న అక్షరాలను కూడా వ్రాయుదురు గాక. సరిహద్దులు మారిన రోజులు క్యాలెండరులో ఎఱ్ఱ అక్షరాలతో ఉంటవి. ఒక తెలుగు తరగతి మూతపడే రోజుకు ఏ రంగూ ఉండదు. ఒక జూన్ ఉదయాన హాజరుపట్టీలో పదవ పేరు లేకపోవడమే ఆ రోజు. ఆ పదవ పేరు వ్రాయించే తల్లి, తండ్రి ఏ తేదీన వచ్చినా, ఈ పాఠశాలకు అదే పర్వదినం.

శుభం భూయాత్.