కైలాస ప్రదక్షిణము



ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలము కొండ చుట్టును నడచివచ్చు భక్తులను మనలో పలువురెఱుగుదురు. ఆ ప్రదక్షిణము సుమారు 32 కిలోమీటర్లు. ఒక్క రాత్రిలో దానిని ముగించి, తెల్లవారకమునుపే స్వామి దర్శనమునకు నిలుచువారు వేలకొలది కలరు. అట్టివారితో కైలాసపర్వతము చుట్టుదారి 52 కిలోమీటర్లనియు, దానికి మూడు దినములు పట్టుననియు చెప్పినచో, “ఇంతమాత్రమేనా!” యని నవ్వుదురు. ఆ నవ్వునందే అపాయము దాగియున్నది. కైలాసమున యాత్రికుని అలయించునది దూరము కాదు, గాలియొక్క పలుచదనము. ఈ సంగతిని మనసునందుంచుకొని నేటి ప్రసంగమును ఆలకింప ప్రార్థించుచున్నాను.

కైలాసము టిబెట్టు దేశపు పశ్చిమభాగమున, చైనా పాలనలోని సీమయందున్నది. దాని శిఖరము సముద్రమట్టమునకు సుమారు 22 వేల అడుగుల యెత్తు. సింధు, శతద్రు, బ్రహ్మపుత్ర, కర్ణాలి యను నాలుగు మహానదులు ఆ ప్రాంతముననే జన్మించుచున్నవి. హిందువులకది శివుని నివాసము. జైనులు దానిని ఋషభదేవుడు నిర్వాణమొందిన అష్టాపదముగా తలంతురు. బౌద్ధులకును, టిబెట్టునందలి ప్రాచీనమైన బోన్ మతస్థులకును అది పరమపవిత్రము. తక్కిన వారందఱు ప్రదక్షిణముగా నడువగా, బోన్ మతస్థులు అప్రదక్షిణముగా నడుతురు. కావున ఆ త్రోవలో భిన్నమతములవారు ఒకరి కొకరు ఎదురుపడి, చిఱునవ్వుతో తొలగి, తమ తమ దారిని పోవుచుందురు. ఆ శిఖరము నెక్కిన పర్వతారోహకుడు నేటివఱకు ఒక్కడును లేడు. దాని చుట్టును తిరుగుటయే గాని, దానిపై కాలు మోపుట అచటివారి కిష్టము కాదు.

ఈ ప్రదేశమును గూర్చి లోకమునకు వివరముగా తెలిపినవారిలో ఆంధ్రుడొకడు ఉండుట మనకు గర్వకారణము. తూర్పుగోదావరి సీమయందు జన్మించిన స్వామి ప్రణవానందగారు 1936-37 సంవత్సరములలో మానససరోవర తీరముననే శీతకాలమంతయు గడపి, ఆ సరస్సు గడ్డకట్టుటను, మరల కరగుటను శ్రద్ధతో పరిశీలించి వ్రాసికొనిరి. కైలాస మానససరోవరములను గూర్చి వారు రచించిన ఇంగ్లీషు గ్రంథము 1949లో వెలువడెను.

ఇక నడక మాట. వేసవి నెలలే దీనికి అనువైన కాలము. దార్చెన్ అను గ్రామము బయలుదేరు చోటు. అదియే సుమారు 15 వేల అడుగుల యెత్తున నున్నది. సామానులను మోయుటకు జడలబఱ్ఱెలును, గుఱ్ఱములును, కూలివారును దొరకుదురు. అయినను నీళ్లు, కంబళి, వాననుండి కాపాడు పైవస్త్రము, చలువ అద్దములు, కొంచెము తిండి ఎవరి మూటలో వారికి ఉండవలయును. బరువులు మోయు మృగము ముందు పోవును. వానయో మంచో వెనుక వచ్చి పట్టుకొనును.

మొదటి దినము నదీలోయ వెంట ఉత్తరముగా సాగవలయును. సాగదావా పూర్ణిమనాడు టిబెట్టువారు రంగురంగుల పతాకలు కట్టి నిలువబెట్టు గొప్ప ధ్వజస్తంభమును, మనవారు యమద్వారమని పిలుచు చిన్న ద్వారమును ఈ దారిలో కనబడును. ఇరువైపుల ఎఱ్ఱని కొండచరియలు, నడుమ చల్లని యేరు. ఎక్కుడు స్వల్పమే. సాయంకాలమునకు దిరాపుక్ చేరుదురు. అది 16 వేల అడుగులకు పైని ఉన్నది. కైలాసపు ఉత్తరముఖము మిక్కిలి చేరువగా, నిట్టనిలువుగా, సంపూర్ణముగా కనబడుచోటు ఇదియే. ఆ రాత్రి వంట చేయువారు మఱియొక వింతను చూతురు. అంత యెత్తున నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 83 డిగ్రీలకే మరగును. ఎంతసేపు పొయ్యిమీద నుంచినను మూతబిగించిన కుక్కరు లేనిదే కందిపప్పు మెత్తబడదు.

రెండవ దినమే పరీక్షాదినము. చీకటితో లేచి, సుమారు రెండువేల అడుగులు ఎక్కి, దోల్మా కనుమను దాటవలయును. దాని యెత్తు సుమారు 18,500 అడుగులు. దోల్మా యనగా తారాదేవి. త్రోవలో శివస్థలమను తావున యాత్రికులు పాతబట్టయో, వెండ్రుకల పాయయో విడిచిపోవుదురు. పాతజన్మమును అచట వదలితిమని వారి భావము. కనుమమీద గాలిలోని ప్రాణవాయువు మన గ్రామములందుండుదానిలో సగము మాత్రమే. నాలుగడుగులు వేసి నిలిచి, ఊపిరి కూడదీసికొని, మరల నాలుగడుగులు వేయుటయే అచటి నడక. జూన్ మాసమునందును మంచు ఉండవచ్చును. అవతలి ప్రక్క దిగునపుడు గౌరీకుండము క్రిందుగా కనబడును. దిగుడు నిట్రముగాను, రాళ్లమయముగాను ఉండును. గుఱ్ఱముపై వచ్చినవారును దిగి నడువవలసినదే. అటుపిమ్మట సుదీర్ఘమైన లోయలో నడచి, మిలరేపా యను యోగి తపస్సు చేసెనని చెప్పు గుహకల జుతుల్‌పుక్ చేరునప్పటికి ప్రొద్దు వాలును.

మూడవనాటి నడక తక్కువ, ఎక్కుడును లేదు. మధ్యాహ్నమునకు దార్చెన్ చేరవచ్చును.

టిబెట్టువారిలో ఈ చుట్టంతయు ఒక్క దినమున ముగించువారు కలరు. మఱికొందఱు తోలు ముందుగుడ్డ కట్టుకొని, సాష్టాంగ నమస్కారములతో దారినంతయు తమ శరీరముతో కొలుచుచు వారములకొలది సాగుదురు. వారి పంచాంగమున పండ్రెండేండ్ల కొకమాఱు వచ్చు అశ్వవత్సరమున చేసిన ప్రదక్షిణము పెక్కింతల ఫలమిచ్చునని నమ్మిక. 2014, 2026 సంవత్సరములు అట్టివి. ఆ గాలిలో పుట్టి పెరిగిన వారిని చూచి మనవారు పందెము వేయరాదు.

ఇపుడు ముఖ్యవిషయము. ఎత్తుప్రదేశములందు కలుగు జబ్బు బలవంతుని, దుర్బలుని ఎంచి రాదు. మొదట తలనొప్పి, వికారము, ఆకలి లేమి, నిద్రపట్టమి. ఈ దశయందు పైకెక్కుట మాని విశ్రాంతి తీసికొనవలయును. కూర్చున్నను ఆయాసము తగ్గకపోయినను, మాట తడబడినను, అడుగు తూలినను ప్రాణాపాయము దగ్గఱకు వచ్చినదని గ్రహింపవలయును. దానికి పరమౌషధము వెంటనే క్రిందికి దిగుట. మాత్రలును, ప్రాణవాయువు సీసాలును దిగుటకు తోడ్పడునే గాని, దిగుటకు బదులు కాజాలవు. దోల్మా కనుమ దాటిన పిమ్మట వెనుకకు పోవు ఉపాయము లేదు. కావున నిర్ణయము దిరాపుక్‌లోనే, ఆ రాత్రియే జరుగవలయును.

భారత ప్రభుత్వము 1981 నుండి ఈ యాత్రను జరుపుచున్నది. 2020 నుండి 2024 వఱకు నిలిచియుండి, 2025 జూన్‌లో మరల ఆరంభమైనది. ప్రభుత్వపు జట్టులో 70 ఏండ్లు దాటినవారికి చోటు లేదు. ఆ వయస్సునకు లోబడినవారికిని దేహపరీక్ష తప్పదు. ఈ నియమము వృద్ధుల భక్తిని శంకించి ఏర్పఱచినది కాదు. గుండె, ఊపిరితిత్తులు ఓర్వగల బరువును తెలిసి ఏర్పఱచినది.

ఇది వినుచున్న పెద్దలలో అనేకులకు ఆ కనుమను దాటు వయస్సు గడచియుండును. అయినను మీరు చేయదగిన పని యొకటి కలదు. జబ్బును దాచుకొని ముందుకు సాగు యాత్రికులకు తమ భయముకంటె ఊరివారి మాట యొక్క భయమే పెద్దది. మ్రొక్కు సగములో విడిచివచ్చెనని, ఇంత సొమ్ము వ్యర్థపఱచెనని అందురేమోయని వారు వెనుదిరుగ జంకుదురు. కావున మీ యింటినుండి కుమారుడో, కోడలో, మనుమడో బయలుదేరునపుడు, “ప్రదక్షిణము పూర్తిచేసియే రమ్ము” అని దీవింపకుడు. “నాయనా, దిరాపుక్‌లో స్వామి ముఖమును కన్నులార చూచి నమస్కరింపుము. ఒడలు ఓర్చిన ముందునకు పొమ్ము. ఓర్వకున్న అచటినుండియే తిరిగిరమ్ము. మా మ్రొక్కు చెల్లినట్లే” అని స్పష్టముగా చెప్పి పంపుడు.