తెల్ల కణాలు పెంచే సూదిమందు



క్యాన్సరు మందు ఎక్కించిన పిల్లవాణ్ణి ఇంటికి పంపేటప్పుడు, "కౌంటు పడిపోతుందమ్మా, రోజుకో ఇంజక్షను ఇంట్లోనే చెయ్యండి" అంటారు డాక్టరుగారు. ఆ మాటతో ఏ తల్లికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. కానీ నీరసించిన పిల్లవాణ్ణి రోజూ గుడివాడ నుంచి విజయవాడకు కిక్కిరిసిన బస్సులో తిప్పడం కంటే ఇదే క్షేమం.

భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన మందునే 1947-48లో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సరుకు వాడి చూశారు. అలాంటి మందులు రోగాన్ని అణుస్తూనే, ఎముకల్లోని మూలుగలో పుట్టే తెల్ల కణాలనీ తగ్గించేస్తాయి. ఆ కణాల్లో న్యూట్రోఫిల్సనేవి 500 లోపుకు దిగాయంటే పిల్లవాడికి కాపలా లేనట్టే. ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఈ సూదిమందు మూలుగను తొందరపెట్టి వాటిని పుట్టిస్తుంది. 2001లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు దీన్ని మన దేశంలో విడుదల చేశారు. అందరు పిల్లలకూ అవసరం ఉండదు. క్యాన్సరు మందు పడ్డాక కనీసం 24 గంటలు ఆగాలి. మోతాదు పిల్లవాడి బరువును బట్టి డాక్టరుగారే చెప్పాలి. పక్కింటి పిల్లకు ఇచ్చిందే మనకూ అనుకోకండి.

దీన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టే అరలో మాత్రం కాదు. ఊరినుంచి తెచ్చేటప్పుడు ఫ్లాస్కులో ఐసు వేసి, మందును గుడ్డలో చుట్టి, ఐసు తగలకుండా పెట్టండి. మన వేసవి సంగతి తెలుసుగా, కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవకండి. సీసాను కుదపకూడదు. చేసే ముందు ఓ అరగంట బయట పెడితే పిల్లవాడికి మంట తక్కువ.

ఆస్పత్రిలోనే నర్సమ్మ ఎదుట మీ చేత్తో రెండుసార్లు చేసి, ఆవిడ సరే అన్నాకే ఇంటికి బయల్దేరండి. చర్మం కింద పొడిచే చిన్న సూదే ఇది. ఇవాళ ఓ తొడకు చేస్తే రేపు రెండో తొడకు. "నొప్పెయ్యదు నాన్నా" అని అబద్ధమాడకండి, రేపు మీ మాట నమ్మడు. "చీమ కుట్టినట్టుంటుంది, పది లెక్కపెట్టు" అనండి.

ఒకటి రెండు రోజుల్లోనే కౌంటు పెరిగిందని చీటీ చూసి మానెయ్యకూడదు. ఆ పెరుగుదల నిలవకపోవచ్చు. ఆపమనాల్సింది డాక్టరుగారే. నడుము, తొడలు లాగుతున్నాయంటాడు, మూలుగ పనిచేస్తోందన్నమాట. అయినా అడగకుండా పారాసిటమాల్ వెయ్యకండి, లోపలి జ్వరాన్ని అది కప్పేస్తుంది. జ్వరం 100.4 డిగ్రీలు చూపిస్తే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికే, తెల్లవారనిద్దాం అనుకోవద్దు. ఎడమ డొక్క పైభాగాన నొప్పి, ఆయాసం వచ్చినా అంతే.

బొప్పాయాకు రసం పొయ్యమని చెప్పే చుట్టాలు ఎలాగూ వస్తారు. పచ్చి రసాలు ఆ రోజుల్లో వద్దు. పరామర్శకు వచ్చేవాళ్ళను, మొహమాటపడకుండా, అరుగు మీదే కూర్చోబెట్టండి.

వాడిన సూదులు మూతున్న గట్టి డబ్బాలో వేసి, మళ్ళీ వెళ్ళినప్పుడు ఆస్పత్రిలో ఇచ్చెయ్యండి. చెత్త తీసుకెళ్ళే అమ్మాయికి గుచ్చుకుంటే పాపం.