విద్యుత్పరికరముల ఎగుమతియు విషద్రవ్య నియమమును
(కోటప్పకొండ వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



త్రికూటేశ్వరుని సన్నిధిని సమావేశమగు మన మహాసభలో విద్యను గూర్చియో, సత్రముల నిర్వహణమును గూర్చియో ముచ్చటించుట వాడుక. నేడు మేము విన్నవింపబోవునది వర్తకధర్మమునకు సంబంధించినది. మిరపయు ప్రత్తియు పండించిన పల్నాటి కుటుంబముల యువకులు నేడు ఎలక్ట్రానిక్ వస్తువుల పరిశ్రమలలో ప్రవేశించుచున్నారు. సరకు విదేశములకు పంపదలచువారు మొట్టమొదట తెలిసికొనవలసిన నియమ మొకటి కలదు.

యూరపు సమాఖ్యవారు 2006 జూలై 1 నుండి ఒక శాసనమును అమలుపఱచిరి. వర్తకులు దానిని రోహ్స్ అందురు. సీసము, పాదరసము, కాడ్మియము, ఆఱవ సంయోజకతగల క్రోమియము, మంట నడచుటకై ప్లాస్టిక్కున కలుపు బ్రోమిన్ సమ్మేళన వర్గములు రెండు ఇందు నియమితములు. ప్లాస్టిక్కును మెత్తపఱచు థాలేట్లు నాలుగు 2019 జూలైలో చేరినవి. కాడ్మియము నూటికి 0.01 పాలును, తక్కినవి 0.1 పాలును మించరాదు. మొదటి యాఱింటికి మనదేశపు ఈ-వ్యర్థముల నిబంధనలును ఇవే పరిమితులను విధించినవి.

ఇందొక సూక్ష్మము కలదు. ఈ పాలు వస్తువు మొత్తపు బరువుపై లెక్కింపబడదు. విప్పుట, కోయుట, నూఱుట, గీకుటలచే వేఱుచేయరాని ఒక్కొక్క పదార్థముపై లెక్కింపబడును. మన తిరునాళ్ళ ప్రభను తలచుకొనుడు. ప్రభ యెంత యెత్తైనను, దాని దీపములకు పోవు తీగలోని రాగి వేఱు, పైతొడుగు వేఱు, అతుకు వేఱు. పాతకాలపు తగరపుటతుకులో నూటికి 37 పాళ్ళు సీసమే. అనగా పరిమితికి 370 రెట్లు. శాసనమున మినహాయింపు లేనిచో, ఆవగింజంత అతుకు సరకునంతను చెఱచును. 2001లో, ఈ శాసనమునకు పూర్వమే, హాలండు అధికారులు తమ దేశపు కాడ్మియ నియమమును బట్టి సోనీవారి ఆటయంత్రములను సుమారు 13 లక్షలు నిలిపివేసిరి. దోషము తీగలయందు మాత్రమే!

సీసము మనకు క్రొత్తది కాదు. వినుకొండ ప్రాంతమున బండలమోటులో దానికై గని త్రవ్విరి. పారదమును, నాగమను సీసమును శోధింపక వాడరాదని రసశాస్త్రజ్ఞులు విధించిరి. శిశువుల మెదడునకు సీస మే కొంచెమైనను క్షేమము కాదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. పాతబడిన పరికరములను కాల్చి లోహము తీయు నిఱుపేదయే ఆ విషమును మొదట పీల్చును. కావున ఈ నియమమును పరదేశీయుల ఆటంకముగా నెంచుట తగదు.

ఇక ఆచరణము. సరఫరాదారుని సంతకమొక్కటియే చాలదు. ఎక్స్‌రే యంత్రముతో ప్రథమపరీక్ష చేయవచ్చును. కాని అది క్రోమియము కలదని చెప్పునే గాని ఏ రూపమున నున్నదో చెప్పజాలదు, థాలేట్లను చూపదు. వానికి రసాయన పరీక్ష కావలెను. సరఫరాదారు మాఱినపుడెల్ల మరల పరీక్షింపవలెను. ప్రమాణపత్రములను 10 సంవత్సరములు భద్రపఱుపవలెను.

ఈ పనికి నేర్పరులు కావలెను. మన విద్యానిధినుండి ఏటేట కొందఱు రసాయనశాస్త్ర విద్యార్థులకు ఈ పరీక్షలందు శిక్షణకై వేతన మొసగవలెనని పోషకమహాశయులకు మా ప్రార్థన. సత్రమున బియ్యములో రాళ్ళేరక వండము గదా! కొనువాడు కంటికి కానరాని దూరమున నున్నను, వానికి నిర్దోషమైన సరకు నిచ్చుటయు అట్టి ధర్మమే.

స్వస్తి.