కొమ్ము పోయిన కోలారు

తల్లిదండ్రులారా,

మన విద్యార్థి యొకడు సీ భాషలో ప్రోగ్రాము రచించి పిల్లల పేర్లను, ఊళ్లను ఫైలున కెక్కించెను. ఆంగ్లమున అన్నియు సరిగా నుండెను. తెలుగున మాత్రము ‘కోలారు’ కొమ్ము పోయి ‘కోలార’ అయ్యెను. మన లిపియే కంప్యూటరునకు పనికిరాదని మనవారే కొందరనిరి! నేనంగీకరింపలేదు.

యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 బైటు. మన హల్లునకు 3, గుణింతపు గుర్తునకు మరల 3. ‘కోలారు’నకు 18, ముగింపు సున్నకు 1, వెరసి 19. బాలుడుంచిన స్థలము 16. అందు ‘ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్’ 15 బైట్లు నింపి నిలిచెను. ఫైలునకు చేరినది అంతియే. 18 కావలెనని ఆ ఫంక్షను బదులిచ్చుచునే యున్నది, చూచినవారు లేరు. స్థలమును 64 చేయగా కొమ్ము వచ్చెను.

ఫైలు పుట్టనే పుట్టకున్నచో దోషము వేరు: ‘ఎఫ్‌ఓపెన్’ నల్ ఇచ్చెనేమో చూడవలెను.

ఇంటిపేర్లతో కూడిన పేర్లు మరింత దీర్ఘములు గనుక వానికి 256 ఉంచితిమి. మీ పిల్లల పేర్లను సరిచూచి తెలుపుడు.