రక్తకణముల మార్దవమును కొలుచుట



జక్రాన్‌పల్లి మొదలు బోధను వఱకుగల మన ప్రాంతమున బెల్లము వండుటను ఎఱుగని పెద్దలు అరుదు. చెఱకురసము కాగుచుండగా వండువాడు కొంచెము పాకమును చన్నీట విడిచి, రెండు వ్రేళ్ల నడుమ నొక్కి చూచును. మెత్తగా జారిపోయినచో ఇంకను కాగవలయుననియు, ముద్దకట్టినచో దింపవలయుననియు నిర్ణయించును. నొక్కి చూచుటయే వాని కొలత. కంటికి కానరాని జీవకణమును సైతము ఇట్లే నొక్కియు లాగియు, దాని మెత్తదనమును అంకెలలో చెప్పు విద్య యొకటి నేడు కలదు. ఆ విద్యకును మనకు చిరపరిచితమైన చలిజ్వరమునకును గల సంబంధమును మనవి చేసెదను.

మన నెత్తుటిలోని ఎఱ్ఱకణము అడ్డముగా సుమారు 8 మైక్రానులుండును. మైక్రాను అనగా మిల్లిమీటరులో వెయ్యవ పాలు. రెండు మిల్లిమీటరుల ఆవగింజపై ఇట్టి కణములను 250 వఱకు ఒక వరుసగా పేర్పవచ్చును. ఈ కణము సుమారు 120 దినములు జీవించును. దేహములోని కొన్ని నాళములు దానికంటెను సన్ననివి. ఆ చోట్ల అది ముడుచుకొని, సాగి, దాటినపిమ్మట మరల తన రూపమును పొందును. ప్లీహములోని సందులు మఱియు ఇఱుకైనవి. ప్లీహము జల్లెడవంటిది, మెత్తని కణమును పోనిచ్చును, బిఱుసెక్కిన దానిని నిలిపివేయును. కావున మార్దవము కణమునకు దౌర్బల్యము కాదు, ప్రాణాధారము.

దీనిని కొలుచుట యెట్లు? 1954వ సంవత్సరమున మిచిసన్, స్వాన్ అను శాస్త్రజ్ఞులు ఒక సముద్రజీవి గ్రుడ్లను సన్నని గాజుగొట్టపు మొనతో పీల్చి, ఎంత పీల్పునకు పైపొర ఎంత లోనికి వచ్చునో చూచిరి. 1964లో ర్యాండ్, బర్టన్ అనువారు రక్తకణములను ఇట్లే పరీక్షించిరి. తరువాత ఆర్థర్ ఆష్కిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కాంతిపుంజముతోనే సూక్ష్మవస్తువులను పట్టుకొనుట సాధించి, 2018లో నోబెల్ బహుమానమును పొందెను. కణమునకు ఇరువైపుల రెండు సూక్ష్మమైన పూసలను అంటించి, ఒకదానిని గాజుపలకపై నిలిపి, రెండవదానిని కాంతితో లాగుదురు. ఆ బలమెంత? గ్రాము బరువును 10 కోట్ల భాగములు చేసినచో, అందు ఒకటి రెండు భాగములంత!

చలిజ్వరపు క్రిమి దోమలో పెరుగునని రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదుననే, 1897 ఆగస్టు 20వ తేదీన. ఆ క్రిమి మనుష్యుని ఎఱ్ఱకణములో చేరి, దాని సారమును తినుచు, పైపొరను బిఱుసు చేయును. భారతదేశమున జన్మించిన సుబ్రా సురేశ్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును 2005లో ప్రకటించిన కొలతలనుబట్టి, ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ అను జాతి క్రిమి ముదిరిన కణము ఆరోగ్యకణముకంటె పది రెట్ల వఱకు బిఱుసుగా నుండును. అట్టి కణములు నాళముల గోడలను అంటుకొని రక్తమునకు అడ్డుపడును. మెదడులో నిట్లైనచో ప్రాణాపాయము. మన పొరుగు ఆదిలాబాదు సీమలో గోండులు మొదలగువారిలో కొందఱికి పుట్టుకతో వచ్చు కొడవలికణ వ్యాధియందును కణము బిఱుసెక్కుటయే బాధకు మూలము.

జ్వరము మాటిమాటికి వచ్చినచో ప్లీహము ఉబ్బి గట్టిపడును. దానిని మన పెద్దలు చేతితో తడవి "కడుపులో బల్ల" అనిరి. ఆ మాటను తలచినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగును. నేను ఉపాధ్యాయుడనైన క్రొత్తలో ఒక బాలుడు తరగతిలో తూగుచుండెడివాడు. సోమరియని తలచి వానిని బల్లపై నిలువబెట్టితిని. మూడవనాడు వాడు నిలువలేక కూలబడెను. ఎత్తుకొనినపుడు పొట్ట నా చేతికి గట్టిగా తగిలెను. దానిపై వాతల మచ్చలును కనబడెను. బల్ల వాని కడుపులో నుండగా నేను వానిని బల్ల ఎక్కించితిని! నిజామాబాదులో నెత్తురు పరీక్షించి మందిచ్చిరి; వాడు బ్రతికెను. వాని తల్లి నన్ను ఒక్క మాటయైన అనలేదు. అనియుండినచో నాకు కొంత ఊరట కలిగియుండెడిది.

కాంతితో కణమును లాగు యంత్రము మన ఊరి వైద్యశాలలో నుండదు. జ్వరమును పోల్చుటకు అది అక్కఱయును లేదు. వ్రేలికొననుండి తీసిన ఒక్క నెత్తుటి బొట్టు చాలును. పెద్దలకు నా విన్నపమిది: చలితో జ్వరము వచ్చిన బిడ్డకు ఆనాడే నెత్తురు పరీక్ష చేయింపుడు. వాతలు పెట్టనీయకుడు. వాత పైచర్మమును కాల్చునే గాని, లోపల బిఱుసెక్కిన కణమును మెత్తపఱుపజాలదు. పాకము ముదిరిన పిదప దింపి ప్రయోజనము లేదని మీకు నేను చెప్పవలసిన పని లేదు గదా!

సెలవు.